నాలుగుసార్లు అదే మాత్ర మింగినా తగ్గలేదు, అసలు ఏ పరీక్ష చేయించుకోవాలి?

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 11.40

అందరికీ నమస్కారం. కొత్త ఐడీతో రాస్తున్నాను, పాత ఐడీ మా తోడికోడలికి తెలుసు.

నాకు 31 ఏళ్ళు, ఒక బాబు. ఊరు రాజమండ్రి దగ్గర. ఐదు నెలలుగా తెల్లబట్ట. తెల్లబట్ట అనడం అలవాటు కానీ తెల్లగా లేదు, పసుపుకీ పచ్చకీ మధ్య ఉంది. దురద, మంట. నెలసరి అయిపోయిన రెండు మూడు రోజులు వాసన ఎక్కువ. మా ఆయనతో కలిస్తే నొప్పి.

మందుల షాపులో ఆ ఒక్కడోసు 150 ఫంగస్ మాత్ర తెప్పించుకున్నాను. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్ళీ మొదలు. అలా నాలుగుసార్లు. మూడోసారి షాపతను ఒక ట్యూబు కూడా ఇచ్చాడు. రాసుకుంటే హాయిగా ఉండేది. ఇప్పుడు అది రాయకపోతే మంట, చర్మం ఉల్లిపొరలా పల్చబడిపోయింది.

అత్తగారు వేడి చేసింది, సబ్జా నానబెట్టుకు తాగమంటారు. నెట్‌లో ఫొటోలు పెట్టుకుని పోల్చుకుంటే ఉన్న జబ్బులన్నీ నాకే ఉన్నట్టున్నాయి. డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఏ పరీక్ష చేయమని అడగాలి? ఎవరికైనా ఇలా అయ్యిందా?

నిమ్మచెట్టు | ఆదివారం, రాత్రి 11.58

మీ అత్తగారు చెప్పింది నిజమేనమ్మా. ఒంట్లో వేడి దిగాలి. బార్లీ నీళ్ళు, రాత్రి నానబెట్టిన మెంతులు, పలుచటి మజ్జిగ. రోజూ రెండుసార్లు యాంటీసెప్టిక్ వేసిన గోరువెచ్చటి నీళ్ళతో లోపలిదాకా కడుక్కోండి. అశ్రద్ధ చేస్తే ఎముకలు కరిగిపోతాయని మా అమ్మమ్మ అనేది.

కరీంనగర్_అక్క | సోమవారం, ఉదయం 6.15

నిమ్మచెట్టు గారూ, మజ్జిగ తాగితే కడుపు సల్లగైతది గానీ ఇన్ఫెక్షన్ పోదు. ఏమనుకోకండి, నేను అవన్నీ చేసి చూసినదాన్నే.

నాకు 46. పోయినేడు ఎనిమిది నెలలు గిదే దురద. రాత్రంతా నిద్ర లేదు. పెరుగు తరకల లెక్క తెల్లగ పడేది. నేను గూడ షాపుల మాత్రలే మింగిన. ఆఖరికి పెద్ద డాక్టరమ్మ చూసి, "ఫంగసే, కానీ ఎందుకు మళ్ళా మళ్ళా వస్తుందో అది జూద్దాం" అని షుగర్ రాసింది. పరగడుపున 248! నాకు షుగర్ ఉందన్న సంగతే అప్పటిదాంక తెల్వదు. షుగర్ దిగినంక దురద దానంతట అదే పోయింది. చెల్లే, జర నీ షుగర్ గూడ చూపిచ్చుకో. మాటిమాటికి ఫంగస్ వస్తుందంటే ముందు చూడాల్సింది అదేనట.

సూక్ష్మదర్శిని | సోమవారం, ఉదయం 9.05

పద్నాలుగేళ్ళుగా మైక్రోబయాలజీ ల్యాబులో టెక్నీషియన్‌ని. డాక్టర్ని కాను, మందుల జోలికి పోను. పరీక్షల సంగతి మాత్రం నాకు తెలిసినంత చెప్తాను. పెద్ద పోస్టు, టీ పెట్టుకుని చదవండి.

ముందు, ఫొటోలతో పోల్చుకోవడం ఆపేయండి. పెరుగు తరకల్లా ఉంటే ఫంగస్, పల్చగా బూడిద రంగులో చేపల వాసనేస్తే బీవీ (లోపలి మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరిగిపోవడం), పచ్చగా నురగలా ఉంటే ట్రైకోమోనాస్ అని పుస్తకాల్లో ఉంటుంది. మా బల్ల మీదికొచ్చే శాంపిళ్ళు పుస్తకం చదువుకుని రావు. "క్లాసిక్ ఫంగస్" అని చీటీ మీద రాసి పంపినవాటిలో ఒక్క ఫంగస్ దారమూ కనబడని స్లైడులు ఎన్నో చూశాను. రెండు జబ్బులూ కలిసి ఉన్నవీ చూశాను.

యోని లోపల మామూలుగా పులుపు ఉంటుంది. లాక్టోబాసిల్లై అనే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం చేస్తూ పీహెచ్‌ని (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 3.8 నుంచి 4.5 మధ్య పట్టి ఉంచుతాయి. పాలు పెరుగయ్యేదీ ఈ జాతి పనితోనే. ఫంగస్ వస్తే ఈ పులుపు చెడదు. బీవీలో, ట్రైకోమోనాస్‌లో మాత్రం 4.5 దాటిపోతుంది. అందుకే చిన్న పీహెచ్ కాగితం ముక్క సగం పని చేసిపెడుతుంది. ఖర్చు లేదు, నిమిషం పట్టదు. ఎంతమంది వాడతారంటే మాత్రం అడక్కండి. (నెలసరి రక్తం తగిలినా, వీర్యం తగిలినా పీహెచ్ పెరుగుతుంది. ఆ రోజుల్లో చూస్తే లెక్క తప్పు.)

తర్వాత వెట్ మౌంట్. దూదిపుల్లతో తీసిన స్రావాన్ని గాజుపలక మీద ఒక చుక్క సెలైన్‌లో కలిపి, పైన కవర్ స్లిప్ వేసి వెంటనే చూస్తాం. బీవీ అయితే చర్మకణాల అంచులు కనబడవు, ఒక్కో కణం మీద ఇసుక చల్లినట్టు బ్యాక్టీరియా అతుక్కుని ఉంటాయి. వాటిని క్లూ సెల్స్ అంటాం. ఇంకో చుక్కలో 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం) వేస్తాం. కణాలన్నీ కరిగిపోయి ఫంగస్ దారాలు, మొగ్గలు మిగుల్తాయి. ఆ చుక్క వేసిన క్షణంలో గుప్పున చేపల వాసన లేస్తే అదీ బీవీ వైపు చూపించే గుర్తే. పల్చటి స్రావం, 4.5 దాటిన పీహెచ్, ఆ వాసన, క్లూ సెల్స్, ఈ నాలుగిట్లో మూడుంటే బీవీ అంటారు. గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియా కనబడేలా వేసే రంగు) వేసి 0 నుంచి 10 దాకా మార్కులేసే పద్ధతి కూడా ఉంది, 7 గానీ అంతకు మించి గానీ వస్తే బీవీ.

ట్రైకోమోనాస్‌తోనే చిక్కు. అది బ్యాక్టీరియా కాదు, ఫంగస్ కాదు, తోకలున్న ఏకకణజీవి. తెల్లకణం కంటే కాస్త పెద్దది, అంతే. కదిలితేనే దొరుకుతుంది. శాంపిల్ పది నిమిషాలు దాటి ఏసీ గదిలో కౌంటర్ మీద పడుంటే చల్లబడి కదలడం మానేస్తుంది. కదలకపోతే మాకూ తెల్లకణంలాగే కనబడుతుంది, "పస్ సెల్స్ ప్లెంటీ" (చీము కణాలు బోలెడు) అని రాసి పంపేస్తాం. బాగా చేసినా వెట్ మౌంట్‌లో దాదాపు సగం ట్రైకో కేసులే బయటపడతాయి. స్లైడులో లేదంటే ఒంట్లో లేదని కాదు. జీవి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ తరహా పరీక్షల్లో చాలా మెరుగ్గా దొరుకుతుంది.

గోదారిగట్టు గారూ, పచ్చటి రంగు, వాసన, ఫంగస్ మాత్రకి లొంగకపోవడం చూస్తుంటే మీకు కావలసింది ఐదో మాత్ర కాదు. స్పెక్యులమ్ (యోనిని తెరిచి పట్టే పనిముట్టు) పెట్టి చూసే డాక్టరు, శాంపిల్ తీసిన గదికి దగ్గర్లో మైక్రోస్కోపు.

గోదారిగట్టు | సోమవారం, ఉదయం 10.30

బాబోయ్. ఐదు నెలల్లో ఎవరూ చెప్పనిది ఇది. శాంపిల్‌కి వెళ్ళేముందు శుభ్రంగా కడుక్కుని వెళ్ళాలా?

సూక్ష్మదర్శిని | సోమవారం, ఉదయం 10.41

అస్సలు వద్దు! అందరూ చేసే పొరపాటే ఇది. డాక్టర్ దగ్గరికి వెళ్తున్నామని లోపలంతా సబ్బుతో కడిగేసుకుని వస్తారు, మాకు స్లైడు మీద నీళ్ళు తప్ప ఏమీ మిగలదు. పైపైన స్నానం చాలు. రెండు మూడు రోజుల ముందు నుంచి లోపల పెట్టుకునే మాత్రలు, క్రీములు ఆపండి. ఒకటి రెండు రోజులు కలయిక వద్దు. నెలసరి అయ్యాక వెళ్ళండి.

నిమ్మచెట్టు గారికి ఒక మాట: రోజూ లోపల కడగడం వల్ల ఆ పులుపుని కాపాడే బ్యాక్టీరియానే కొట్టుకుపోతాయి. బీవీకి దారి వేసినట్టే.

పాత_నర్సమ్మ | సోమవారం, మధ్యాహ్నం 2.20

ఎముకలు కరగడం గురించి నేను చెప్తానుండండి. సర్వీసులో ఈ మాట వేలసార్లు విన్నాను. నీరసం, నడుంనొప్పి ఉన్న మనిషికి తెల్లబట్ట కూడా అయితే, ఇదే ఒంట్లో సారమంతా లాగేస్తోందని అనుకుంటారు. కరిగేది ఏమీ లేదు. ఆ నీరసం చాలామందిలో రక్తం తక్కువై వచ్చింది. కొంత తెల్లబట్ట ప్రతి ఆడదానికీ ఉంటుంది. నెలసరుల మధ్యలో అండం విడుదలయ్యే రోజుల్లో తెల్లసొనలా సాగుతుంది, కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. దురద, వాసన, మంట, రంగు తేడా లేకపోతే దానికి మందే అక్కర్లేదు.

జిల్లా ఆస్పత్రిలో సురక్ష క్లినిక్‌లో, అంటే ఇలాంటి జబ్బులు చూసే ప్రభుత్వ క్లినిక్‌లో, చాలా ఏళ్ళు చేశాను. మీలో చాలామందికి ఆ గది సంగతి తెలియదు, ఎందుకంటే పక్కనే "చర్మ, సుఖవ్యాధుల విభాగం" అని బోర్డు ఉంటుంది. దాన్ని చూసి ఆడవాళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవారు. కొంగు నెత్తి మీదికి లాక్కుని, మూడుసార్లు ఆ వరండాలో అటూ ఇటూ తిరిగి, నాలుగోసారి లోపలికొచ్చిన మనుషులు నాకు గుర్తే. అక్కడ చూడటం, మందు, రక్తపరీక్ష అన్నీ ఉచితం.

మైక్రోస్కోపు లేని చోట్ల కోసం రంగుల కిట్లు ఉండేవి. లక్షణాన్ని బట్టి పెట్టె. యోని స్రావానికి ఆకుపచ్చ, గర్భాశయ ముఖద్వారం నుంచి చీములా వస్తే బూడిద రంగు, నీటిపొక్కుల్లాంటి పుండ్లకి ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు. ఆకుపచ్చ పెట్టెలో ట్రైకోకీ బీవీకీ పనిచేసే సెక్నిడజోల్, ఫంగస్‌కి ఫ్లూకోనజోల్, రెండూ కలిపి ఉండేవి. ఎవరికి ఏది ఉందో తెలియనప్పుడు రెంటికీ గురిపెట్టడమే దాని లెక్క. షాపులో మీకిచ్చింది అందులో సగం మాత్రమే, అదీ నాలుగుసార్లు.

ఈ పద్ధతికీ లోటు ఉంది, దాచను. ఏ లక్షణమూ లేని క్లామిడియా, గనేరియా అనే సుఖవ్యాధులు దీనికి దొరకవు. ఆడవాళ్ళలో ఈ రెండూ ఎక్కువగా చడీచప్పుడు లేకుండానే ఉంటాయి. అందుకే స్పెక్యులమ్ పెట్టి స్రావం ఎక్కణ్నుంచి వస్తోందో చూడమంటాం. గోడల నుంచా, ముఖద్వారం నుంచా అన్నది అసలు ప్రశ్న. ముఖద్వారం నుంచి పసుపుగా చీము వస్తున్నా, దూది తగిలితేనే రక్తం వస్తున్నా అది వేరే దారి.

జ్వరం, పొత్తికడుపులో నొప్పి, లోపల చెయ్యిపెట్టి ముఖద్వారాన్ని కదిపితే ప్రాణం విలవిల్లాడటం ఉంటే రిపోర్టుల కోసం ఆగకూడదు. ఇన్ఫెక్షన్ గర్భసంచి దాటి ట్యూబులదాకా పాకిందేమో చూసి ఆ రోజే మందు మొదలెట్టాలి. ట్యూబులు మూసుకుపోయి పిల్లలు పుట్టక తిరిగేవాళ్ళలో, ట్యూబులో గర్భం నిలిచి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళలో కొందరి కథ ఇక్కడే మొదలవుతుంది.

ఇక షాపతనిచ్చిన ఆ క్రీము ట్యూబు. ఒకే గొట్టంలో గట్టి స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపి అమ్ముతారు. స్టెరాయిడ్ దురదని నొక్కేస్తుంది, జబ్బుని కాదు. చర్మం పల్చబడింది దాని పనే. డాక్టరుకి ఆ ట్యూబు ఖాళీదైనా సరే చూపించండి.

ధర్మసందేహం | సోమవారం, రాత్రి 8.12

ఇవన్నీ సుఖరోగాలు. పద్ధతిగా ఉండే ఆడవాళ్ళకి రావు. బహిరంగంగా చర్చించే విషయమా ఇది?

కరీంనగర్_అక్క | సోమవారం, రాత్రి 8.19

నాకొచ్చింది షుగర్‌తోని వచ్చిన ఫంగస్. పద్ధతి సంగతి నువ్వు మా షుగర్ మిషన్‌కి చెప్పు తమ్మీ.

పాత_నర్సమ్మ | సోమవారం, రాత్రి 8.33

ఫంగస్, బీవీ సుఖవ్యాధుల కిందికి రావు. పెళ్ళికాని పిల్లలకీ ఫంగస్ వస్తుంది. ఇక సుఖవ్యాధుల మాటంటారా, మా క్లినిక్‌కి వచ్చిన ఇల్లాళ్ళలో ఒక్క మగాడితో తప్ప ఎవరితోనూ లేనివాళ్ళు ఎంతోమంది. వాళ్ళ పద్ధతిలో లోపమేమీ లేదు నాయనా.

నిర్వాహకురాలు | సోమవారం, రాత్రి 9.00

ఇక్కడ అడిగినవాళ్ళ నడవడిక మీద తీర్పులు వద్దు. మళ్ళీ అలాంటి పోస్టు పెడితే తొలగిస్తాను. చర్చ కొనసాగించండి.

డాలస్_వదిన | సోమవారం, రాత్రి 11.50

ఇక్కడ మొదటిసారి వెళ్ళినప్పుడు నర్సు ఒక దూదిపుల్ల చేతికిచ్చి బాత్రూమ్‌లోకి వెళ్ళి నువ్వే తీసుకో అంది. నేను బిక్కచచ్చిపోయాను, సరిగ్గా తీయకపోతే? అంతా చెడిపోతుందేమోనని. తర్వాత తెలిసింది, క్లామిడియా, గనేరియా, ట్రైకోలకి చేసే న్యాట్ (పీసీఆర్ లాంటిదే) పరీక్షలో మనం తీసుకున్నది డాక్టరు తీసినదానికి ఏమీ తీసిపోదట. రెండంగుళాలు లోపలికి పెట్టి పది పదిహేను సెకన్లు తిప్పడం, అంతే. పరాయి మనిషి ముందు పడుకోవడానికి ఒప్పుకోని అమ్మాయిలకి ఇది ఎంత నయమో. ఇండియాలోనూ పెద్ద ల్యాబుల్లో అడిగి చూడండి.

రాత్రిషిఫ్టు | మంగళవారం, రాత్రి 1.15

మగవాణ్ణి, ఇక్కడ రాయొచ్చో లేదో. నాలుగు రోజుల క్రితం ఒక తప్పు జరిగింది. ఇవాళ మూత్రం పోస్తుంటే మంట, కొసన పసుపు చీములా వస్తోంది. ఇంట్లో పాత అజిత్రోమైసిన్ మాత్రలు రెండుంటే ఒకటి వేసుకున్నాను. రేపు యూరిన్ కల్చర్ ఇద్దామనుకుంటున్నా. హెచ్‌ఐవీ కూడా వెంటనే చేయించుకుంటే సరిపోతుందా?

సూక్ష్మదర్శిని | మంగళవారం, ఉదయం 8.40

రాయొచ్చు. రెండో మాత్ర ఆపండి. సగం సగం మందుతో శాంపిల్ పాడవుతుంది, జబ్బూ ముదురుతుంది.

మామూలు యూరిన్ కల్చర్‌కి మధ్యలో వచ్చే మూత్రం పడతారు. మీ సమస్య మూత్రనాళం కొసన ఉంది కాబట్టి కావలసింది మొదట వచ్చే మూత్రం, 20, 30 మిల్లీలీటర్లు చాలు. అంతకుముందు కనీసం గంటసేపు పోయకుండా ఉండాలి. దానితో న్యాట్ చేస్తారు. చీము కనబడుతోంది కాబట్టి ముందు దాని మీదే గ్రామ్ స్టెయిన్ వేయించుకోండి. తెల్లకణాల కడుపులో జంటజంటలుగా, కాఫీ గింజల్లా ఎర్రటి బ్యాక్టీరియా కనబడితే గనేరియా. చీము ఉన్న మగవాళ్ళలో ఈ స్లైడు చాలా నమ్మకమైనది. ఆడవాళ్ళ ముఖద్వారం స్రావంలో మాత్రం ఇదే పరీక్ష సగం కేసుల్ని వదిలేస్తుంది. అందుకే వాళ్ళకి న్యాట్ అడగమంటాం.

హెచ్‌ఐవీ ఇవాళ నెగెటివ్ వస్తే అది నాలుగు రోజుల నాటి సంగతి చెప్పదు, అంతకుముందుది చెబుతుంది. వైరస్ ముక్క (యాంటిజెన్), దాని మీద ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీ, రెండూ చూసే ల్యాబు పరీక్ష అయితే 45 రోజులకి, వేలి చుక్కతో చేసే యాంటీబాడీ కిట్ అయితే 90 రోజులకి మళ్ళీ చేయించాలి. సిఫిలిస్ పుండు 10 నుంచి 90 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు. నొప్పి ఉండదు, దానంతటదే మానిపోతుంది. మానింది కదా అని ఊరుకుంటారు, అక్కడే మోసపోతారు. సిఫిలిస్‌కి చేసే రక్తపరీక్ష వీడీఆర్‌ఎల్ కూడా మూడు నెలలకి మళ్ళీ.

పాత_నర్సమ్మ | మంగళవారం, ఉదయం 9.25

పాతకాలం వాళ్ళు సెగ అనేవారు దీన్ని. సిగ్గుపడకుండా ఇవాళే సురక్ష క్లినిక్‌కి వెళ్ళు నాయనా. అక్కడే ఐసీటీసీలో (సలహా ఇచ్చి హెచ్‌ఐవీ పరీక్ష చేసే ప్రభుత్వ కేంద్రం) హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. నీ సమ్మతి లేకుండా చేయకూడదు, ఫలితం బయటికి చెప్పకూడదు, 2017 చట్టంలో ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే 1097, డబ్బులు పడవు. ఇంట్లో భార్య ఉంటే ఆమెకీ చికిత్స కావాలి, ఆమెకి ఏమీ అనిపించకపోయినా.

గోదారిగట్టు | శనివారం, రాత్రి 10.05

వెళ్ళొచ్చాను. రెండు చోట్లకి.

మొదట మా ఊళ్ళో ప్రైవేటు ఆస్పత్రి. పేరు వద్దు. డాక్టరమ్మ ఫోన్లో మాట్లాడుతూనే, మంచం ఎక్కించకుండానే పొట్ట స్కానింగు, యూరిన్, మళ్ళీ అదే 150 మాత్ర రాసింది. స్కానింగులో "నార్మల్". పద్దెనిమిది వందలు వదిలాయి. స్వాబ్ తీస్తారా అని అడిగితే, నెట్ చూసి వచ్చావా అంది.

మర్నాడు పెద్ద గవర్నమెంటు ఆస్పత్రికి పోయాను. గంటన్నర లైను. లోపల చిన్న వయసు డాక్టరమ్మ, పేరు పెట్టి పలకరించింది. స్పెక్యులమ్ పెట్టి పక్కనున్న విద్యార్థినికి "చూడు, ముఖద్వారం మీద ఎర్రటి చుక్కలు, స్ట్రాబెర్రీ పండులా" అని చూపించింది. పీహెచ్ కాగితం ముదురు ఆకుపచ్చకి తిరిగింది. స్లైడు పట్టుకుని ఆ విద్యార్థినే ఎదురు గదిలోకి పరుగెత్తింది.

నేను చీర సర్దుకుని బయటికొచ్చేసరికి టెక్నీషియన్ పిలిచి, చూస్తారా అన్నాడు. నాకు కాళ్ళు వణికాయి గానీ చూశాను. బూడిద రంగు వెలుగులో గుండ్రటివి బోలెడు, కదలకుండా పడి ఉన్నాయి. వాటి మధ్య ఒకటి గిలగిల కొట్టుకుంటోంది. ఎండాకాలం చెరువు ఇంకిపోయాక మిగిలిన గుంటలో తోకకప్ప కొట్టుకున్నట్టు. ఒకటి కాదు, కాసేపు చూస్తే మూడున్నాయి. ఐదు నెలలు నా చేత మాత్రలు మింగించింది ఇదా అనిపించింది. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

ట్రైకోమోనాస్. వారం రోజుల మందు. హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్ నాన్ రియాక్టివ్, అంటే నెగెటివ్.

ఇప్పుడు అసలు గొడవ. మా ఆయనకీ మందు ఇచ్చారు. "నాకేం లేదు కదా, నేనెందుకు వేసుకోవాలి" అంటున్నారు. నా మనసులోనేమో వేరే ప్రశ్న. ఇది సుఖవ్యాధే అని డాక్టరమ్మ చెప్పింది. అంటే...?

పాత_నర్సమ్మ | శనివారం, రాత్రి 10.40

తల్లీ, ముందు మందు సంగతి. మగవాళ్ళలో ఎక్కువమందికి ట్రైకో ఉన్నా ఏ బాధా ఉండదు. ఆయన వేసుకోకపోతే నీకు తగ్గి మళ్ళీ ఆయన నుంచే వస్తుంది. ఇద్దరూ ఒకేసారి మొదలెట్టి, మందు పూర్తయి బాధలన్నీ పోయేదాకా దూరంగా ఉండాలి. ఒప్పుకోకపోతే డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళండి, మగ డాక్టరు చెబితే వినే మగాళ్ళున్నారు, ఏం చేస్తాం.

సూక్ష్మదర్శిని | శనివారం, రాత్రి 11.02

ఆ రెండో ప్రశ్నకి స్లైడు జవాబు చెప్పదు. ఈ జీవి ఏ లక్షణమూ లేకుండా నెలలు, ఒక్కోసారి ఏళ్ళు ఉండిపోగలదు. ఎప్పుడొచ్చింది, మీలో ఎవరికి ముందొచ్చింది అన్నది ఏ ల్యాబూ తేల్చలేదు. మీ ఇద్దరి మధ్య మాట్లాడుకోవలసింది ఉంటే ఉండొచ్చు. రిపోర్టుని మాత్రం సాక్ష్యంగా పెట్టుకోకండి.

మల్లెతీగ | ఆదివారం, ఉదయం 11.30

ఇదే దారంలో అడుగుతున్నాను. నాకు ఏ బాధా లేదు. పెళ్ళికి ముందు మంచిదని ఆన్‌లైన్ ఆఫర్లో "ఎస్‌టీడీ పీసీఆర్ ప్యానెల్" చేయించుకున్నాను. క్లామిడియా, గనేరియా, ట్రైకో, మైకోప్లాస్మా జెనిటాలియమ్ నెగెటివ్. కానీ గార్డ్‌నెరెల్లా, యూరియాప్లాస్మా పార్వమ్ "డిటెక్టెడ్" అని ఎర్ర అక్షరాల్లో. మూడు రాత్రులుగా నిద్ర లేదు. కాబోయే ఆయనకి చెప్పాలా?

సూక్ష్మదర్శిని | ఆదివారం, మధ్యాహ్నం 12.10

ఆ ఎర్ర అక్షరాలు మా వృత్తికే తలవంపులు.

ఆ రెండూ ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళలో కూడా కాపురం ఉండే జీవులు. గార్డ్‌నెరెల్లా ఉన్నంత మాత్రాన బీవీ కాదు, పైన చెప్పిన నాలుగు గుర్తులు చూడాలి. యూరియాప్లాస్మా పార్వమ్‌కి ఏ బాధా లేనివాళ్ళలో పరీక్ష చేయొద్దనీ, దొరికినా మందు వేయొద్దనీ ఈ రంగంలో నిపుణులు చెప్తున్నారు. పీసీఆర్ ఇల్లంతా వెతికి ఎవరెవరున్నారో చెబుతుంది, అందులో దొంగెవడో చెప్పదు. మీకు ముఖ్యమైన నాలుగూ నెగెటివ్ వచ్చాయి. రిపోర్టు ఒక గైనకాలజిస్టుకి చూపించి నిద్రపోండి.

ఇలాగే అనవసరంగా భయపెట్టేది ఇంకోటుంది, హెర్పిస్ ఐజీఎమ్ అనే రక్తపరీక్ష. దాన్ని పట్టుకుని ఏ నిర్ణయానికీ రాకూడదు. నోటి దగ్గర ఎప్పుడో వచ్చిన పొక్కు పాతబడి మళ్ళీ లేచినా పాజిటివ్ రావచ్చు, ఏమీ లేకపోయినా రావచ్చు. పొక్కు ఉన్నప్పుడు దాని మీదే స్వాబ్ తీసి పీసీఆర్ చేయించడం సరైన దారి.

ఐదోనెల | ఆదివారం, సాయంత్రం 4.45

అక్కా, నాకు కడుపు పరీక్షల్లో వీడీఆర్‌ఎల్ "రియాక్టివ్ 1:2" వచ్చింది. మా అత్తింట్లో పెద్ద రభస. నన్ను పుట్టింటికి పంపేస్తామంటున్నారు.

పాత_నర్సమ్మ | ఆదివారం, సాయంత్రం 4.58

ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. రేపు పొద్దున్నే టీపీహెచ్ఏ చేయించు, అది సిఫిలిస్ నిజమా కాదా అని తేల్చే రక్తపరీక్ష. వీడీఆర్‌ఎల్ తక్కువ మోతాదులో గర్భంతో ఉన్నందుకే రావచ్చు, కొన్ని జ్వరాల్లో, కీళ్ళవాతం లాంటి జబ్బుల్లో కూడా వస్తుంది. టీపీహెచ్ఏ నెగెటివ్ అయితే సిఫిలిస్ కాకపోవచ్చు, డాక్టరు చెబితే కొన్ని వారాలకి రెండూ మళ్ళీ చేస్తారు. పాజిటివ్ వచ్చినా పెన్సిలిన్ ఉంది, నీకూ లోపలి బిడ్డకీ కాపుదల అదే. కానీ ఆలస్యం చేయకూడదు. మీ అత్తగారికి ఈ పోస్టు చదివి వినిపించు.

ఐదోనెల | బుధవారం, సాయంత్రం 6.20

టీపీహెచ్ఏ నెగెటివ్. వినిపించాను. ఏమీ అనలేదు, కాఫీ కలిపి ఇచ్చింది.

కరీంనగర్_అక్క | బుధవారం, సాయంత్రం 6.31

కాఫీ అంటే మాఫీ అడిగినట్టే బిడ్డా, తాగేయ్.

గోదారిగట్టు | మూడు నెలల తర్వాత, గురువారం, రాత్రి 9.15

అందరూ గుర్తున్నారా? మూడు నెలలకి మళ్ళీ పరీక్ష చేయించుకోమన్నారని పోయినవారం వెళ్ళాను. అదే టెక్నీషియన్. ఈసారి నేనే అడిగి చూశాను. ఏమీ కదల్లేదు. డాక్టరమ్మ వైజాగ్ పంపించి చేయించిన న్యాట్‌లో కూడా నెగెటివ్.

మా ఆయన చివరికి వేసుకున్నారు. నోరంతా ఇనప రుచి అని వారం రోజులు సణిగారు. మాట్లాడుకోవలసింది మాట్లాడుకున్నాం, ఇక్కడ రాయను. ట్యూబు మానేశాక చర్మం మెల్లిగా కుదురుకుంది.

ఇంకో సంగతి. మొన్న పండక్కి తోడికోడలు వచ్చింది. బాబుకి చిల్లర కావాలంటే ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచాను, లోపల అదే 150 మాత్ర, రెండు పట్టీలు. రాత్రి మేడ మీద కూర్చుని అడిగితే ఏడాదిగా అంది. ఈ దారం ఆమెకి పంపించాను. ఇది రాసింది ఎవరో కూడా చెప్పేశాను. శనివారం తీసుకెళ్తున్నాను.

సూక్ష్మదర్శిని | గురువారం, రాత్రి 9.22

ఆ మాత్ర వేసుకోకుండా రమ్మనండి. కడుక్కుని రావద్దని కూడా చెప్పండి.